అవ్వతో గ్రాంథికం

అవ్వతో నా గ్రాంథికం ఒక సోమవారం ఉదయం పది గంటలకు ఆరో తరగతి వ్యాసరచన పాఠంలో మొదలైంది. మా అవ్వ చీరలు నేసేది; కొత్త నేతచీర గంజి వాసన తగిలితే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు.

అయ్యవారు మమ్మల్ని రెండు వ్యాసాలు చదివి, ఏది ఒప్పించిందో కారణాలతో రాయమన్నారు. యాసే మన ఉనికి అని మొదటిది, యాస వదిలితేనే గౌరవమని రెండోది. నేను రెండోదని రాశాను. ఒప్పుకున్నాక ఇంట్లోనూ పుస్తకాల భాషే మాట్లాడాలి కాబోలు అనుకున్నాను.

సాయంత్రం మగ్గంలో కూర్చున్న అవ్వ అడిగింది: "యాడికి పోతాండావే? ఈడ కండెలకు నూలు చుట్టు."

"ఇచ్చటనే చుట్టుచున్నాను, అవ్వా."

"ఎవురింటి దొరసానమ్మా మీరు? కూసోండి, మేం చుట్టుకుంటాం లెండి" అని పగలబడి నవ్వింది.

నేను రోజూ అలాగే మాట్లాడాను. కొన్నాళ్లకు అవ్వ నాతో మాట్లాడే ముందు ఆగి, మాటలు వెతుక్కోసాగింది. తర్వాత తల మాత్రమే ఊపేది.

బడిలో నేను రాసిన ఆ జవాబుకు పదికి తొమ్మిది వచ్చాయి. పోయినవి ఒక మార్కు, నేస్తూ అవ్వ చెప్పే కథలు, ఆమె తిట్లు, 'ఏమే' అనే పిలుపు.