ఎలీషబా పెద్దమ్మ తడిగుడ్డ

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. తడిగుడ్డతో రాతలు కోసే మనిషి మాత్రం మా ఎలీషబా పెద్దమ్మ ఒక్కతే. మా అమ్మకు అక్క, మార్కాపురం మిషన్ బడిలో టీచరు. మద్రాసు ప్రభుత్వం రోజుల్లో మా చుట్టుపక్కల ఎవరు క్రైస్తవ గీతం కట్టినా, ప్రసంగం రాసినా, ముందు ఆమె ఎదుట పలక మీద రాసి చూపించాల్సిందే. చదివేది, తలాడించేది, తుడిచేసేది.

"కాగితం మీద రాస్తే మాట మీద మమకారం పుడతాది. పలకైతే చెరపను చెయ్యొస్తాది," అనేది. పలకలు తయారయ్యే ఊళ్లో ఉంటూ ముందే కాగితం ముట్టడం ఆ ఊరికే అవమానమని కూడా ఆమె వాదన. ఆమె పోయి ఏడాది కాలేదు. ఇది కూడా మొదట పలక మీదే రాశాను.

ఒకసారి క్రిస్మస్ ముందు త్రిపురాంతకం నుంచి చర్చి ఉపదేశి ఆదెయ్య కొత్త పాటతో వచ్చాడు. లోకసృష్టితో ఎత్తుకున్న పాట, పలక నిండేసరికి నోవహు ఓడ దగ్గరికే చేరింది. పెద్దమ్మ గుడ్డ తీసింది.

"చెల్లెమ్మా, జలప్రళయమన్నా ఉంచు," అని బతిమాలాడు.

"నీళ్లు నా గుడ్డలో ఉండాయి లే అన్నా. యేసు పుట్టిన రాత్రి, గొర్రెల కాపరుల కాడ ఎత్తుకో. వాళ్లు నీకు తెలిసినోళ్లే."

ఆదెయ్య అలిగి గడప దాటాడు. వీధి చివర దాకా పోయి, మొదటి చరణం తట్టి, వెనక్కి వచ్చాడు. ఆ పాట ఇప్పటికీ కురిచేడు దాకా పాడతారు. మా పెద్దమ్మ దిద్దిన పాట అని ఎవరూ అడగకపోయినా నేనే చెబుతుంటాను.

తర్వాత నా వంతు వచ్చింది. మా నాయన పేరు పెద్దన్న, గొర్రెలు కాసుకుంటూనే సువార్త చెప్పిన మనిషి. ఆయన పోయిన ఏడాదికి గిద్దలూరు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన గురించి నేను రాసి చదవాలి. లేకపోతే ఆయన్ను ఎన్నడూ చూడని బోధకుడొకరు మాట్లాడతారు. అది తలచుకుంటేనే నాకు అన్నం దిగేది కాదు.

'లెబానోను దేవదారు వంటి మా తండ్రి' అని మొదలుపెట్టాను.

"మీ నాయన దేవదారు నీడన ఎప్పుడు కూచున్నాడ్రా?" అంది పెద్దమ్మ. "ఆయన ఎరిగింది తుమ్మచెట్టు."

దేవదారు పోయింది. దాని స్థానంలో గోధుమగింజ వచ్చింది, దీపస్తంభం వచ్చింది. అవీ గుడ్డకే అంటుకున్నాయి.

"ఇంకేం రాసేది పెద్దమ్మా?"

"నువ్వు సిగ్గుపడి దాస్తుండావే, అది రాయి."

ఆమె అన్నది నాయన పాట గురించి. కీర్తన ఎత్తుకుంటే రాగం ఒక దారి, ఆయన ఒక దారి. పాటల బృందాన్ని నడిపే పెద్దమ్మే ఆయన్ను చివరి వరుసకు తరిమేది. కానీ ఆ తప్పు రాగానికే మా గొర్రెలు దొడ్డికి వచ్చేవి. ఇంకెవరైనా సరిగా పాడితే మేత నుంచి తలెత్తేవి కావు. అదే రాశాను. పెద్దమ్మ చదివింది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

కూడికలో చదువుతుంటే జనం హాయిగా నవ్వారు. గొర్రెలు దొడ్డికి వచ్చే చోట చదవలేక ఆగిపోయాను. బోధకుడు లేవబోయాడు. అంతలో ఆడవాళ్ల వరుసలోంచి పెద్దమ్మ లేచి, నేను ఆపిన మాట దగ్గర అందుకుంది. చేతిలో ఏమీ లేదు. అన్నీ నా మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. చివర్లో నాయన కీర్తన ఎత్తుకుంది, ఆయన తప్పిన చోటల్లా తానూ తప్పుతూ. పాటల బృందం నివ్వెరపోయి చూసి, ఆమె వెంటే తప్పింది.

బయటికొచ్చాక, అంతా నోటికెట్లా వచ్చిందని అడిగాను. ఉంచినదైనా చెరిపినదైనా, పలక మీది మాట ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అంది. ఎవరు రాసి చూపించినా అంతేనట.

"అయితే నా దేవదారు కూడానా?"

"అదీ ఉండాది. సభలో నాలిక చివరి దాకా వచ్చినాది. మింగేసినాను."