ఎర్ర దారం చుట్టల కోసం వన్ టౌన్ దాకా

పెళ్ళయిన మూడో ఏడు, 2001 వేసవిలో, మా మావగారు దాచుకున్న చుట్టలన్నీ నేను పాడుచేశాను. ఈ ప్రయాణం అందుకే మొదలైంది. ఆయనది కంకిపాడు, వరి పండించే రైతు. చుట్టలు ఒకేసారి కొని, చెక్కపెట్టెలో నెలల తరబడి మాగనిచ్చి కాల్చడం ఆయన పద్ధతి. పెట్టెలోంచి ఒక పురుగు బయటికి రావడం చూసి, సాయం చేస్తున్నాననుకుని, గుప్పెడు కలరా ఉండలు అందులో పడేసి మా ఊరు కొండపల్లి వచ్చేశాను. పొగాకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుందని నాకేం తెలుసు. పది రోజుల తర్వాత వెళ్తే ఖాళీ పెట్టె ఎండలో ఉంది. ఆయన "పర్లేదండీ" అని ఊరుకున్నారు. కానీ సాయంత్రం పూట అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ కబుర్లు చెప్పే మనిషి, ఆ రోజు నుంచి "భోంచేశారా" అని తప్ప ఇంకో మాట అడగడం మానేశారు. నేను చిన్నప్పుడే నాన్నను పోగొట్టుకున్నవాణ్ణి. ఆ అరుగు మీద చోటు పోతుందేమోనని నిజంగానే భయం వేసింది.

పారేసినవాటిలో మా ఆవిడ ఎందుకో ఒక చుట్ట దాచింది. దాన్నీ, ఆ కట్టకు కట్టిన ఎర్ర దారాన్నీ కాగితంలో పొట్లం కట్టుకుని ఒక ఆదివారం బయల్దేరాను. కొండపల్లిలో ఏడున్నరకి ప్యాసింజర్ ఎక్కితే ఐదు రూపాయల టికెట్టుతో విజయవాడ చేరొచ్చు. అరగంట ప్రయాణమే అయినా, స్టేషన్ బయట సిగ్నల్ కోసం ఇంకో అరగంట నిలబెట్టేస్తాడు. తొందరగా వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సు ఎక్కడం మంచిది. స్టేషన్ నుంచి వన్ టౌన్‌కి నడిచి వెళ్ళొచ్చు కానీ, మావగారు చుట్టలు కొనే ఖాసిం గారి కొట్టు ఎక్కడో తెలియక పదిహేను రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను.

"ఖాసిం గారి చుట్టల కొట్టాండీ? ఏమన్నా తిన్నారా?" అన్నాడు డ్రైవరు.

"లేదు. ఎందుకు?"

"అయితే ముందు ఇడ్లీ తినండి సార్. పరగడుపున ఆ కొట్లో కూర్చున్నోళ్ళు నా ఆటోలో పడుకుని వెళ్ళారండి."

మార్కెట్ దగ్గర బండి ఆపి తనే చూపించాడు. ఆ సలహా ఎంత విలువైనదో గంట తర్వాత తెలిసింది.

కొట్టు మహా అయితే రెండు మంచాలంత ఉంటుంది. ఖాసిం గారికి అరవై దాటి ఉంటాయి. బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో చెక్కపలక పెట్టుకుని, తడిపిన ఆకులోంచి ఈనె లాగేసి, చుట్టి, చివర గంజి అద్దుతున్నారు. నా గొడవంతా చెప్పి, "మీ దగ్గరున్న వాటిలో బాగా ఘాటైనవి, బాగా ఖరీదైనవి ఇవ్వండి" అన్నాను. ఆయన పని ఆపలేదు.

"ఆ రెండూ ఒకటి కాదండీ" అన్నారు.

తర్వాత అరగంట సేపు నాకు పాఠం చెప్పారు. లంక పొగాకు మొక్కకి కింది ఆకు మెత్తన, పైకి పోయేకొద్దీ ఘాటు. ఆ కొట్లో తెల్ల దారం కట్ట మెత్తనిది, చుట్ట రూపాయి. పసుపు దారం మధ్యరకం, రూపాయిన్నర. ఎర్ర దారం ఘాటు, రెండు రూపాయలు. అన్నిటికన్నా ఖరీదైన నాలుగు రూపాయల చుట్టకి మాత్రం ఘాటే లేదు. రెండేళ్ళు మాగిన ఆకు, పైన చిన్న చిరుగు కూడా లేని ఆకు, ధర అందుకు. దారం లేకుండా విడిగా అమ్మే అర్ధరూపాయి చుట్టలు కొత్తాకువి. వాటిని ఘాటు అనుకుంటారు కానీ అది గొంతు మంట మాత్రమే. చుట్టను వేళ్ళ మధ్య మెల్లగా నొక్కాలి. పెళపెళమంటే ఎండిపోయినట్టు, రాయిలా ఉంటే పొగ రానట్టు.

రుచి చూడమని ఒక్కో రకం వెలిగించి ఇచ్చారు. తెల్ల దారం చుట్ట హాయిగా ఉంది, కాల్చిన తర్వాత నోట్లో కాస్త తీపి మిగిలింది. పసుపుది నాలుక మీద మిరియం నలిగినట్టు ఉంది. ఎర్రది రెండు దమ్ములు లాగేసరికి చెవులు వేడెక్కి, కొట్టు నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. సోడా తాగి తేరుకున్నాక నా పొట్లం విప్పి చూపించాను. ఆయన వాసన చూసి మొహం చిట్లించారు. గోటితో చుట్టను పొడుగునా చీల్చి, లోపలి ఆకు చూశారు.

"ఇవి కంకిపాడు రైతు గారివి కదా. మీరు ఎర్ర దారం కట్టలు పట్టికెళ్ళి ఇస్తే ఆయన కాల్చలేరండి."

"ఈ దారం ఎర్రదే కదండీ?"

"దారం ఎర్రదే. పైన చుట్టింది కూడా ఘాటు రకం నల్లాకే. లోపలిదంతా కిందాకు, తెల్ల దారం సరుకు. రెండేళ్ళ కిందట మీరు కూర్చున్న చోటే కళ్ళు తిరిగి పడబోయారు. డాక్టరు గారు మానెయ్యమన్నారట. మానలేను, అలాగని మెత్తనివి కాలుస్తున్నానని మావాళ్ళకి తెలిస్తే తలెత్తుకోలేను, ఇలా చుట్టిపెట్టు ఖాసిం అన్నారు. అల్లుడు గారు కాబట్టి చెప్పాను. మీరు కూడా విననట్టే ఉండండి."

కంకిపాడులో రైస్ మిల్లు ముందు బల్ల మీద కూర్చునే పెద్దమనుషుల్లో, మావగారి చుట్టని రెండో మనిషి సగం కూడా కాల్చలేడని పేరు. ఆ పేరు నేనే పదిమందికి చెప్పి ఉంటాను. ఆయన కబుర్లు ఎందుకు మానేశారో అప్పుడు అర్థమైంది. ఆయన నా మీద అలిగారనుకున్నాను. నిజానికి, చుట్టలు పోయాయి కదా, కొత్తవి నేను తెస్తానంటే ఏం చెప్పాలా అని ఆయన భయపడుతున్నారు. ఇద్దరం ఒకే అరుగు మీద ఒకరికి తెలియకుండా ఒకరం హడలిపోతున్నామన్న మాట.

మావగారి రకానివే నాలుగు కట్టలు చుట్టించేసరికి ఒంటిగంట దాటింది. బస్టాండుకి వచ్చి, భోజనం చేసి, బందరు రోడ్డు మీద వెళ్ళే బస్సు ఎక్కాను. పటమట, పోరంకి మీదుగా కంకిపాడుకి ముప్పావు గంట, ఏడు రూపాయలు.

మావగారు అరుగు మీదే ఉన్నారు. కట్టలు అందుకుని దారం చూశారు, వాసన చూశారు, ఒకటి వెలిగించారు. మూడు దమ్ములు లాగారు.

"ఖాసిం ఏమన్నాడండీ?" అన్నారు, వీధి వైపు చూస్తూ.

"వీటిని నన్ను ముట్టుకోవద్దన్నారండి. తట్టుకోలేనన్నారు."

ఆయన తలతిప్పి నన్ను చాలాసేపు చూశారు. తర్వాత కట్టలోంచి ఒక చుట్ట తీసి నాకిచ్చి, పక్కకి జరిగారు. "కూర్చోండి. మెల్లగా లాగండి, జాగ్రత్త."

లాగాను. పొగ హాయిగా దిగింది. కావాలనే పొలమారినట్టు దగ్గాను, కళ్ళు తుడుచుకున్నాను. ఆయన నా వీపు మీద తట్టి, "ఏమేవ్, అల్లుడు గారికి మజ్జిగ పట్టుకురా, మన చుట్ట పడలేదు" అని లోపలికి కేకేశారు. ఆ గొంతులో సంతోషం విని నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. బతికున్నన్నాళ్ళూ ఏడాదికి రెండుసార్లు నేనే వన్ టౌన్ వెళ్ళి తెచ్చేవాణ్ణి, తెచ్చిన ప్రతిసారీ ఒకటి వెలిగించి దగ్గేవాణ్ణి. నేను నటిస్తున్నానని ఆయనకి మొదటి రోజే తెలిసిపోయిందని నా అనుమానం. ఎందుకంటే చివరి రోజుల్లో, అరుగు మీద ఇంకెవ్వరూ లేనప్పుడు, "ఇవాళ దగ్గక్కర్లేదు లెండి" అన్నారు. ఇద్దరం చుట్ట పూర్తిగా కాల్చాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం ఆ కొట్టు మూసి ఉంటుంది. మిగతా ఏ రోజైనా కడుపునిండా తిని వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం కొనేటట్టయితే వాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళకుండా ఒక్కరే వెళ్ళండి. వాళ్ళు పక్కనుంటే కొట్టాయన మీకు నిజం చెప్పడు.