బావ మిషనుల రెండో డిస్కు

పోయిన నెల ఓ పొద్దుగాల కోరుట్లల నా దుకాణం షట్టర్ లేపుతున్న, సిరిసిల్ల నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా" అన్నది. గుండెనొప్పి, దవాఖాన దాక గూడ పోలేదట. షట్టర్ సగంల పట్టుకొని గట్లనే నిలవడ్డ. ఏడుపు తర్వాత అచ్చింది. ముందుగాల మనసుల ఏం మెదిలిందో చెప్తే మీరు తిడ్తరు: ఇగ ఈ మనిషిని నేను గెలిచుడు ఎన్నటికి కాదు.

మా బావ మీద నాకు కుళ్ళు. దాచేదేమున్నది. నేను కంప్యూటర్లు బాగుచేసి బతికేటోన్ని. ఆయన జగిత్యాలల ఓ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేటోడు. టీవీ రిమోట్ పని చెయ్యకున్నా, నేను పక్కనే కూసున్నా, మా అమ్మ "అల్లున్ని రానియ్యి" అనేది. కడుపుల మండకుంటదా?

ఆయన రిటైరైన ఏడాది కాలేజోళ్లు మూలకు పడ్డ పాత యునిక్స్ మినీకంప్యూటర్‌ను తుక్కు కింద తీసేస్తుంటే, బావ కొనుక్కొని ట్రాలీ ఆటోల సిరిసిల్లకు తెచ్చిండు. బీరువంత ఉంటది. బావోళ్లు బట్ట నేసే సాంచాలు అమ్మేసినంక ఖాళీగున్న షెడ్డుల నిలవెట్టిండు. "వయసుల గీ మిషనే నాకు అన్నం వెట్టింది. తుక్కోనికి ఎట్లిస్త?" అన్నడు.

దానికి రెండు డిస్కులు. ఒక్కో డిస్కును నడిపే కంట్రోలర్ కార్డు వేరే. కార్డు మీద బియ్యపు గింజలంత స్విచ్చులు వరుసగ ఉంటయి. వాటిని అటిటు జరిపి కార్డుకు ఓ నంబరు వెట్టాలె, ఇంటి నంబరు లెక్క. గదే నంబరు మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ యునిక్స్ ఫైలుల రాసి, దాని నడిమి భాగం కెర్నల్‌ను మళ్ల తయారుచెయ్యాలె. ఒక్క స్విచ్చు తేడా అచ్చిందంటే, డిస్కు ఎదురుంగ ఉన్నా మిషన్‌కు కనవడది.

రెండో కార్డు మీద నేను మూడు ఆదివారాలు కూసున్న. కాలే. కొండగట్టుకు పొయ్యచ్చిన బావ నా చేతుల ప్రసాదం వెట్టి, చొక్కా చేతులు మడిచిండు. ఆయన పద్ధతి ఒక్కటే: ఒక్కటి మార్చుడు, ఆన్ చేసి చూసుడు, మళ్ల ఇంకోటి. "రెండు ఒక్కసారి మార్చినవంటే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవలకు ఎర్క బామ్మర్దీ?" అనేటోడు. నేనేమో తొందరల నాలుగు మార్చేటోన్ని. పొద్దూకేలోపట డిస్కు లేచింది, మిషన్‌కు కనవడ్డది. అక్క నవ్వుకుంట "మా తమ్మునికి దుకాణమే నయం" అన్నది. గా మాట ఇప్పటికి గుచ్చుతది. కని చెప్పాలె, ఇయ్యాల దుకాణంల నేను గూడ ఒక్కటే మారుస్త, ఒక్కటే చూస్త. నా అన్నం గా అలవాటు మీదనే నడుస్తంది.

గప్పుడైతే కండ్లల్ల నిప్పులు పోసుకున్న. జగిత్యాల కాలేజీ పిల్లలు మిషన్ చూడనీకి అచ్చిన రోజు, వాళ్లను తోల్కరానికి బావ బస్టాండుకు పోయిండు. నేను రెండో కార్డు గుంజి ఒక్క స్విచ్చు జరిపి మళ్ల వెట్టిన. రెండు కార్డులకు ఒక్కటే నంబరు అయింది, రెండిండ్లకు ఒక్కటే నంబరు ఉన్నట్టు.

పిల్లలు చుట్టూ నిలవడ్డరు. బావ ఆన్ చేసిండు. ఒక్క డిస్కు గూడ లేవలే. నాకు ఓ దిక్కు భయం, ఓ దిక్కు సంబురం. ఆయన తొందరవడలే. రెండో కార్డు తీసేసి చూసిండు, మొదటి డిస్కు లేచింది. తీసిన కార్డును వెలుతురుకు పట్టి స్విచ్చులు చూసిండు. అటెన్క నా దిక్కు చూసిండు, ఒక్కసారే.

"పొద్దుగాల నేనే తప్పు వెట్టిన" అన్నడు పిల్లలతోని. "ఎట్ల సరిచెయ్యాల్నో మా బామ్మర్ది చూపెడ్తడు."

కార్డు నా చేతికిచ్చిండు. స్విచ్చును మళ్ల పాత చోటికి జరిపి కార్డు వెట్టిన. రెండు డిస్కులు లేచినయి, పిల్లలు నాకు చప్పట్లు కొట్టిండ్రు. సిగ్గుతోని చావాల్సింది పోయి నాకు ఇంకింత మండింది. నేను చేసిన చెడ్డపనిల గూడ మంచోడు ఆయనే అయిండు.

తర్వాత ఆయన అడగలే, నేను చెప్పలే. చెప్పాలనే ఎన్నిసార్లు సిరిసిల్ల బస్సు ఎక్కిన్నో. మాట నోటిదాక అచ్చేది. "ఏంది బామ్మర్దీ?" అంటే "ఏం లేదు బావా" అనేటోన్ని. ఇగ చెప్పనీకి మనిషి లేడు.

దినాలు అయినంక అక్కకు చెప్పిన. ఆమె ఉలికిపడలే.

"గా రోజే చెప్పిండురా. 'నీ తమ్ముడు ఉత్తగ వైరు తెంపలే. గన్ని స్విచ్చులల్ల ఏది జరిపితే రెండు నంబర్లు ఒక్కటైతయో సరిగ్గ గదే జరిపిండు. వానికి పని అచ్చింది, ఇగ నాకు మిషన్ రంది లేదు' అన్నడు. అన్నం తినుకుంట నవ్విండు."

"మరి నాకు గా ఒక్క మాట చెప్తే ఏం పోయేది అక్కా?"

"నువ్వే చెప్తవని ఎదురుచూసిండు" అన్నది.

షెడ్డుకు పోయి మిషన్ ఆన్ చేసిన. డిస్కులు మెల్లగ తిరుగుడు మొదలువెట్టినయి. అక్క ఎనకనే అచ్చి, పిల్లగానికి జ్వరం చూసినట్టు దాని మూత మీద చెయ్యి వెట్టింది. "వేడయితంది, ఫ్యాన్ వెయ్యిరా" అన్నది. వేసిన. ఆమె చెయ్యి తియ్యలే.