బొమ్మలాయన ఏ ఏడు పోయాడు?

టెక్కలిలో తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక, ఉద్దానం ఒడ్డున ఏళ్ళ తరబడి విన్న సముద్రం కథలను పుస్తకంగా వేద్దామనుకున్నాను. బొమ్మలు కావాలి. పలాసలో పాత పుస్తకాలమ్మే దుకాణంలో పిల్లల కథల పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని వేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. కథలు మామూలువే. బొమ్మలు మాత్రం నన్ను వదల్లేదు. నల్ల సిరాతో తెప్పలు, వలలు, కెరటాలు. ఒకదాంట్లో పదేళ్ళ పిల్ల ఒక్కతే ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తుంటుంది. ముఖం కనబడదు. చూసినప్పుడల్లా ఆ పిల్లను వెనక్కి పిలవాలనిపించేది.

ప్లీడరు మిత్రుణ్ణి అడిగాను.

"పాతదని వాడేసుకోకూడదు మాస్టారూ. కథ రాసినాయన హక్కు వేరు, బొమ్మ గీసినాయన హక్కు వేరు. గీసినాయన పోయి అరవై ఏళ్ళు దాటితే ఎవరినీ అడగక్కర్లేదు. దాటకపోతే వారసుల సంతకం కావాలి. ముందు ఆయన ఏ ఏడు పోయాడో కనుక్కోండి" అన్నాడు.

లోపలి పేజీలో ఆయన పేరు, ఊరు ఉన్నాయి. ఊరు భావనపాడు. వెళ్ళి వాకబు చేస్తే, చేపలు ఎండబెట్టే దిబ్బ పక్క ఇంట్లో ఆయన కూతురుందన్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఒంటరిగా ఉంటోంది. తండ్రి చేపల వేటకు వెళ్తూనే బొమ్మలు గీసేవాడట.

పుస్తకం చేతికిచ్చాను. పేజీలు తిప్పుతూ ఆ పిల్ల దగ్గర ఆగిపోయింది.

"ఇది నేనే. మా అయ్య నన్ను నిలబెట్టి గీసినాడు."

నేను అడగాల్సింది అడిగాను. "నాన్నగారు ఏ ఏడు పోయారమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది. "పోయాడని ఎవులు సెప్పినారు? ఈ బొమ్మ గీసిన మరుసటేడే ఏటకెల్లాడు. తెప్పా రానేదు, మనిషీ రానేదు. మాయమ్మ సచ్చిందాకా బొట్టు తియ్యనేదు."

వెంట తెచ్చిన అనుమతి కాగితం చూపించాను. వారసురాలిగా సంతకం పెడితే చాలన్నాను.

"ఇది పెడితే ఆయన పోయాడని నేను ఒప్పుకున్నట్టే గదా?"

కాగితం నా వైపు నెట్టేసింది.

"ఒద్దు బాబూ. ఏటీ అనుకోకు" అంది.

ప్లీడరు అంతా విని తేలిగ్గా నవ్వాడు. "సముద్రంలోకి వెళ్ళిన రోజే పోయాడనుకోండి. అరవై ఏళ్ళ గడువు తీరిపోయింది. ఆమె సంతకంతో పనేముంది? వేసేసుకోండి."

బొమ్మలన్నీ స్కాన్ చేయించి ప్రెస్సుకు పంపాను కూడా. ప్రూఫు వచ్చింది. బొమ్మ కింద ఆయన పేరు, పక్కనే బ్రాకెట్లో పోయిన ఏడు కోసం ఖాళీ. ఆ ఖాళీలో అంకె వేయడానికి చెయ్యి రాలేదు. వాళ్ళమ్మ జీవితమంతా ఒప్పుకోని మాటను నేనొక్కణ్ణే కూర్చుని తేల్చేస్తున్నట్టనిపించింది. మర్నాడు ఫోన్ చేసి బొమ్మలన్నీ తీయించేశాను. నా పుస్తకం ఉత్త అక్షరాలతోనే వచ్చింది.

పాత పుస్తకం ఇచ్చేద్దామని మళ్ళీ భావనపాడు వెళ్ళాను. ఆమె తీసుకుని కొంగుతో తుడిచి లోపల దాచుకుంది. లేవబోతుంటే, "సేపల పులుసుంది, తినేసి ఎల్లు బాబూ" అంది.

కంచాలు మూడు పెట్టింది. మూడింట్లోనూ అన్నం వడ్డించింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను తలొంచుకుని తిన్నాను.