పరామర్శకు వచ్చిన లోకాలు

నేను తాండూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ సూపర్‌హీరో కామిక్స్ చదువుతుంది. వాటిని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. హీరో చస్తాడు, పిల్లలు ఏడుస్తారు, మరుసటి సంచికకల్లా పక్క విశ్వంనుంచి అచ్చం అలాంటివాడే కాస్త గడ్డం పెంచుకుని దిగుతాడు. ఇక్కడినుంచి వికారాబాద్ పోవాలన్నా రైలు టికెట్ కొనాలి. వీళ్లకు విశ్వాలు మారడానికి అదీ అక్కర్లేదు.

"సైన్సుల గట్ల కుదరదు బిడ్డా" అని క్లాసు పీకేదాన్ని. క్వాంటం సిద్ధాంతాన్ని ఒక రకంగా అర్థం చేసుకుంటే, జరగడానికి వీలున్నవన్నీ ఏదో ఒక లోకంలో జరుగుతూనే ఉంటాయి. కానీ విడిపోయిన లోకాల మధ్య రాకపోకలుండవు. ఈ మాత్రం కూడా శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోరు.

పోయిన వానాకాలం మా ఆయన గుండెపోటుతో పోయారు. ఈ లోకాలు మార్చే విద్యలో నాకంటే మా చుట్టాలే ఆరితేరినవాళ్లని అప్పుడు తెలిసింది.

పరామర్శకు వచ్చినవాళ్లు తలా ఒక లోకం వెంట తెచ్చారు. వికారాబాద్ ఆడబిడ్డ చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"గీ తాండూరు దవాఖానల ఏమున్నది వదినా? జర మా దిక్కు తీస్కొస్తే మా అన్న బతుకుతుండె."

యాలాల్ నుంచి వచ్చిన మా బావగారికి అది నచ్చలేదు. "వికారాబాద్ ఎందుకు? సీదా హైదరాబాదే పోవాలె. గంటన్నరల పోతుండ్రి."

ఆయన లోకంలో రైల్వే గేటు పడదు, షాబాద్ బండల లారీ అడ్డం రాదు, రోడ్డుమీద ఒక్క గుంత లేదు. చుట్టాలు తెచ్చిన పప్పన్నం తింటూ ఇద్దరూ నా ముందే వాదించుకున్నారు. ఎవరి లోకంలో చూసినా మా ఆయన నిక్షేపంగా ఉన్నారు, ఇక్కడ మాత్రం నేను చంపేశాను. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని దవాఖానకు తేవడమే మంచిదైందని డాక్టరు చెప్పాడు. ఆయన మా చుట్టం కాదు కాబట్టి ఎవరూ వినలేదు.

నిజానికి నా భయం వాళ్లు కాదు. గోడకు ఆనుకుని అన్నీ వింటున్న నా బిడ్డ. అది కూడా నమ్మేసిందేమోనని.

అందరూ వెళ్లాక, సాయంత్రం, అడగనే అడిగింది. "అమ్మా, నువ్వు నాన్నను హైదరాబాద్ తీస్కపోయిన లోకం గూడ ఉంటదా?"

"ఉండొచ్చు బిడ్డా. గా లోకంల దారిలనే పాణం పోయిండొచ్చు."

"అయితే ఆడికి గూడ అత్త వస్తది. తాండూరుల దవాఖాన పెట్టుకొని గంత దూరం ఎందుకు తీస్కపోయినవ్ వదినా, అంటది."

అచ్చం మేనత్త గొంతుతోనే అంది. ఆయన పోయాక మొదటిసారి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చేశాను. అది వచ్చి నా ఒళ్లో తలపెట్టుకుని, సగంలో ఆపిన కామిక్ తెరిచింది.

అందులో ఎవరు పోయారో, ఎవరు తిరిగొచ్చారో నాకూ చదివి వినిపించమన్నాను.