రెండడుగుల సముద్రం

కాంట్రాక్ట్ మారినప్పుడల్లా ఊరు మారడం దివాకర్‌కి అలవాటు. అందుకే ఇంట్లో అన్నీ చిన్నవే. అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చాక కొన్న ఉప్పునీటి ట్యాంక్ కూడా రెండడుగులే. అందులో బ్లూ ట్యాంగ్ అనే వేలెడంత నీలిరంగు చేప. సాయంత్రం తలుపు చప్పుడైతే చాలు, గాజు దగ్గరికి వచ్చేది. ఆ నీలాన్ని చూస్తూ కూర్చుంటే ఆఫీసు మాటలన్నీ ఒంటిమీంచి నీళ్లలా జారిపోయేవి.

"పెద్దదైతే ఎలాగండీ?" అని భార్య పద్మ మొదట్లోనే అడిగింది.

"ట్యాంక్ ఎంతుంటే అంతే పెరుగుతుంది. దాని కొలత దానికి తెలుసు."

ఏడాది గడిచినా చేప పెద్దగా పెరగలేదు. దివాకర్ మురిసిపోయాడు. తర్వాత దాని రంగు వెలిసింది, రెక్కల అంచులు చిరిగాయి. ఓ ఆదివారం పద్మ చిటికెడు పసుపుతో ట్యాంక్ మూత తీసింది.

"ఏం చేస్తున్నావ్!"

"పుండుకి పసుపేగా మందు!"

"అది చేపే తల్లీ, పులుసు కాదు!"

పసుపు ఆగింది గానీ బెంగ ఆగలేదు. వీడియో తీసి దేదీప్యకి పంపాడు. ఆమె అదే ఊళ్లో పళ్ల డాక్టర్, క్లినిక్‌లో గోడ పొడవునా ఉప్పునీటి చేపల్ని పెంచుతోంది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అది ట్యాంక్‌కి సరిపెట్టుకోలేదు, ఎదగలేక కుంగిపోతోంది. చిన్న ట్యాంక్‌లో వాటర్ తొందరగా పాడవుతుంది, ఈదడానికి చోటుండదు. ఈ జాతి అడుగు దాకా పెరగాలి. నాకిచ్చేయండి."

"పెద్దది కొంటాను."

"థర్డ్ ఫ్లోర్‌లోనా? ఆ వెయిట్‌కి ఒప్పుకుంటారా?"

అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో అడిగాడు. కుదరదన్నారు. ఆ వారమంతా మేత వేస్తూ చేప వైపు చూడలేకపోయాడు.

శనివారం చేపని బకెట్‌లోకి దించాక పద్మ బకెట్‌కి బొట్టు పెట్టి, పక్కనే అది తినే నాచు పొట్లం ఉంచింది.

"అత్తారింటికి పంపుతున్నావా?"

"మరి ఉత్త చేతులతో పంపుతామా?"

క్లినిక్‌లో విడి తొట్టిలో ఉంచితే చేప మెల్లగా కోలుకుంది. పెద్ద ట్యాంక్‌లోకి వదిలే రోజు దేదీప్య దివాకర్‌ని పిలిచింది. చేప రాయి వెనక దాక్కుంది, తొంగి చూసింది, ఆపైన నీలంగా సాగిపోయింది. దివాకర్ గాజు మీద చెయ్యి పెట్టాడు. అది రాలేదు. అటువైపు చివరిదాకా వెళ్తూనే ఉంది. మనసు చివుక్కుమంది, తేలికా పడింది.

"నాకు పళ్ల క్లీనింగ్ అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యమ్మా," అన్నాడు.

"మొన్ననేగా చేశాం అన్నయ్యా!"

"ఇంకోసారి చెయ్యి," అన్నాడు, చేప మీంచి చూపు తిప్పకుండా.