వెనక్కి దారి తెలియనివాడు

పోయిన బుధవారం ఆత్మకూరు బస్టాండులో, నా సైకిలు షాపు ముందు ఉదయగిరి బస్సు ఆగింది. కండక్టరు దిగి, "మీ డ్రాయింగు అయ్యోరు పోయినాడంట గదా, తెలీదా నీకు?" అన్నాడు. అప్పటికే మూడు రోజులైందట. నాకెవరూ చెప్పలేదు. ఏడేళ్లుగా ఆయన గడప తొక్కనివాడికి ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు? ఏడవాలో, షాపు మూయాలో తెలియక, చేతిలో ఉన్న ట్యూబుకు పంచరు వేయడం ముగించాను.

ఆయనతో నాకున్న గొడవ చెబితే మీరు నవ్వుతారు. అది ఒక ఆట గురించి.

మద్రాసులో పాత పుస్తకాల అంగట్లో, అట్ట మీది రెక్కల పాము బొమ్మ నచ్చి అయ్యవారు ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నారు. తీరా చూస్తే అది ఆట పుస్తకం. తలా ఒక మనిషిని కల్పించుకుని, లేని దేశంలో తిరగాలి. మన మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ప్రతి మనిషికీ ఒక వృత్తి, ఆ వృత్తికి తగ్గ శక్తులు ఉంటాయి. సరిగ్గా ఆ వృత్తుల పేజీలే చిరిగిపోయి ఉన్నాయి. "పోతే పోనీ, మనమే రాసుకుందాం" అన్నారాయన. పాచికలు లేవని సత్తు డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీట్లు వేశారు.

మొదటి ఆదివారం, ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకునే మా ముగ్గురికీ కాగితాలిచ్చి, మీ మనిషి వృత్తి రాయండన్నారు. ఖాదర్ దర్జీ అని రాశాడు. శేషారెడ్డి సేద్యం అని రాశాడు. వృత్తి అంటే మాకు తెలిసింది నాయన చేసేదే, ఎంచుకోవచ్చని ఎవరికీ తోచలేదు. నేనేమీ రాయలేదు. సోమశిల డ్యాము నీళ్లలో మా ఊరు మునిగిపోయాక ఉదయగిరిలో మేనమామ పంచన చేరిన మా నాయన అప్పటికి ఏ పనీ చేయడం లేదు.

అయ్యవారు ఆ కాగితాలు చూసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "లేని దేశానికి పోతా గూడా నాయన పనే మోసకపోతారంట్రా? ఇంట్లో ఉండే పని ఈడ చెల్లదు, పోండి." అదే మా మొదటి నియమం. రెండోది, బలం ఎంత రాస్తే లోటు అంత రాయాలి.

ఖాదర్‌ను కత్తివీరుణ్ణి చేశారు. వాడి ముందు ఎవరూ నిలవలేరు, కానీ పసిబిడ్డ కంటపడితే కత్తి లేవదు. శేషారెడ్డి దొంగ. ఏ తాళమైనా తీస్తాడు, అన్నం పెట్టినవాళ్లకు మాత్రం అబద్ధం చెప్పలేడు.

"పిలకాయలు లేని ఊరు ఏడుంటాది అయ్యోరా? ఇంక నేను కొట్లాడేదెప్పుడు?" అని ఖాదర్ మొత్తుకునేవాడు.

"ఉత్త బలమే ఉంటే వాడితో ఆడేదేముండాది రా?" అనేవారాయన, పెన్సిలు చెక్కిన పొట్టు జేబులో వేసుకుంటూ. ఎంత బతిమాలినా రెండో చీటీ తీయనిచ్చేవారు కాదు. "తీసింది తీసినట్టే. మార్చేదానికి నేనేమన్నా దేవుణ్ణా?"

నా ఒక్కడికి మాత్రం కొన్ని వారాల తరువాత, బాటగాడని రాశారు. ఎన్నడూ చూడని చోటికైనా వాడికి దారి తెలుస్తుంది. లోటు: వచ్చిన దారి గుర్తుండదు, వెనక్కి పోలేడు. అది చదవగానే నా చెవులు కాలిపోయాయి.

"మా ఊరు మునిగిందని రాసినారా ఇది?" అన్నాను. "లోటు మార్చండి."

"మారిస్తే వాడు ఉత్త దారి చూపే మైలురాయి అయిపోతాడు, మనిషి గాడు" అన్నారు. తరువాత ఇంకేదో కూడా అన్నారు. అది క్షమాపణో మందలింపో ఇప్పటికీ తెలియదు. అప్పటికే నేను వీధిలో ఉన్నాను, మళ్లీ ఆ ఆటకు పోలేదు.

ఆత్మకూరు వచ్చి షాపు పెట్టాక ఒకసారి ఆయన బస్సు దిగి నా పందిరి నీడలో నిలబడ్డారు. ఉదయగిరి బస్సులు మూడు పోయాయి, ఆయన ఎక్కలేదు. నేను చక్రం మీద నుంచి తల ఎత్తలేదు.  కోపం మాత్రం అప్పటికే చల్లారింది.

మరునాడు గురువారం ఉదయగిరి పోయాను. అయ్యవారి ఇంటి అరుగు మీద ఖాదర్ కూర్చుని ఉన్నాడు. వాడిప్పుడు వాళ్ల నాయన కుట్టుమిషనే తొక్కుతున్నాడు.

"ఆటలో నీ మనిషి ఇంకా బతికే ఉండాడు రా" అన్నాడు. "నువ్వు పోయినాక గూడా మేం ఆట ఆపలేదు, నీ చీటీ అయ్యోరే తీసేవాడు. చెడ్డ చీటీ వస్తే మడిచి డబ్బాలో ఏసి ఇంకోటి తీసేవాడు. మేం ఎన్నోతూర్లు కొట్లాడినాం. 'వాడొచ్చి అడిగితే ఏం చెప్పాల్రా నేను' అనేవాడు."

సంతోషించాలో సిగ్గుపడాలో నాకు పాలుపోలేదు. అంత నిక్కచ్చి మనిషి, నా ఒక్కడి కోసం తొండి ఆడారు. అది ప్రేమే అయితే ఆ లోటు ఎందుకు రాశారు? లోటూ ప్రేమతోనే రాశారా? అడగడానికి ఆయన లేరు.

అయ్యవారి భార్య లోపలికి పిలిచింది. బల్ల మీద ఆయన గీసిన ఆ లేని దేశం పటం పరిచే ఉంది. తూర్పున కొండలు, కోట, అడవి, అన్నిటికీ రంగులు వేశారు. పడమటంతా తెల్ల కాగితం. ఆ తెలుపు అంచున, నా బాటగాడికి గుర్తుగా ఒక చింతగింజ, దాని మీద సున్నంతో నా పేరులో మొదటి అక్షరం.

"దీన్ని తీసెయ్యమంటావా నాయనా, ఉంచమంటావా?" అని అడిగింది.

 గింజ మీద వేలు పెట్టాను. దాని ముందు ఆయన ఇంకా ఏ దారీ గీయలేదు.